అడిగారు కాబట్టి: ఈ నెల హవాయి ఉత్తరాలు

గత నెల నల్లకుంట పాఠకుడొకాయన సాండ్‌విచ్ అనే మాట ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగారు. అది ఒక బ్రిటిష్ దొర బిరుదు, హవాయి దీవులకి కూడా కెప్టెన్ కుక్ 1778లో ఆ దొర పేరే తగిలించాడు, తర్వాత అమెరికా మిషనరీలు వచ్చి ఆ దీవుల్ని క్రైస్తవంలోకి మార్చారు అని రాసి ఊరుకున్నాను. ఆ చివరి ముక్కకి పదకొండు ఉత్తరాలొచ్చాయి. రెండు తిట్లు, మిగతావి ప్రశ్నలు. అందుకని ఈసారి పేజీ మొత్తం దానికే. ఉలవచారులో వెన్న ఎందుకు వేస్తారని అడిగిన వారాసిగూడ అమ్మాయి ఇంకో నెల ఓపిక పట్టాలి.

ప్రశ్న: ఒక్క వాక్యంలో తేల్చేశారు మేడం. తరతరాల దేవుళ్ళని ఒక జాతి జాతంతా వదిలేసిందంటే, మెడమీద కత్తి పెట్టకుండా అయ్యే పనేనా?
(రిటైర్డు రైల్వే ఉద్యోగి, మల్కాజిగిరి)

కత్తి ఉందండీ, వస్తుంది. ముందు కంచం దగ్గర మొదలుపెట్టాలి.

హవాయిలో కపు అని ఒక కట్టడి ఉండేది. ఇంగ్లీషులో టాబూ అంటారే, ఆ మాటకి ఇది దగ్గరి చుట్టం. కపు ప్రకారం ఆడవాళ్ళు మగవాళ్ళతో కలిసి తినకూడదు. పంది మాంసం, అరటిపండు, కొబ్బరి ముట్టకూడదు. తప్పితే ప్రాణమే తీసేవాళ్ళు. మా అత్తగారింట్లో మగవాళ్ళ బంతి లేచి, ఎంగిలాకులు ఎత్తి, నేల తుడిచాకే మా విస్తళ్ళు పడేవి. మా వంతుకి చారులో తేటే మిగిలేది. కాబట్టి ఈ కపు సంగతి ఎక్కడో సముద్రం అవతలి వింతలా నాకు అనిపించదు.

దీవులన్నిటినీ ఒక్క ఏలుబడి కిందికి తెచ్చిన కమెహమెహా రాజు 1819 మేలో చనిపోయాడు. ఆయన భార్యల్లో కాఅహుమను అనే ఆవిడ ఘటికురాలు. కొత్త రాజు లిహోలిహోతో పాటు నేనూ ఏలుతాను, పోయినాయన మాట ఇదీ అని అందరి ముందూ చెప్పేసింది. ఆ నవంబరులో కైలువాలో విందు జరిగింది. ఆడవాళ్ళకో బల్ల, మగవాళ్ళకో బల్ల. లిహోలిహో కాసేపు అటూ ఇటూ తచ్చాడి, వెళ్ళి ఆడవాళ్ళ బల్ల దగ్గర కూర్చుని తినేశాడు. మన మాటల్లో సహపంక్తి భోజనం! మిన్ను విరిగి మీద పడలేదు. వెంటనే గుళ్ళు పడగొట్టమనీ విగ్రహాలు కాల్చమనీ ఆజ్ఞ వెళ్ళింది. పెద్ద పూజారి హేవహేవా కూడా సరేనన్నాడు. ఒప్పుకోని జ్ఞాతి ఒకడు, కెకుఅఒకలాని, తిరగబడ్డాడు. డిసెంబరులో కుఅమోఒ దగ్గర జరిగిన యుద్ధంలో అతనూ, పక్కనే నిలబడి పోరాడిన భార్య మనోనో కూడా పడిపోయారు.

ఇదంతా జరుగుతుండగా మన మిషనరీలు ఓడలో ఉన్నారు, సముద్రం పడక కడుపులు పట్టుకుని. ఓడ పేరు థాడియస్. 1819 అక్టోబరు 23న బోస్టన్‌లో బయల్దేరి, దక్షిణ అమెరికా కొసంతా చుట్టి, 164 రోజులకి, 1820 ఏప్రిల్ 4న కైలువా చేరింది. ఏ విగ్రహాలు పడగొట్టాలని బయల్దేరారో అవి ముందే బూడిదయ్యాయన్న కబురు ఓడ దిగకుండానే వాళ్ళకి అందింది. దేవుడు దారి వేశాడనుకున్నారు. ఆ దారి వేసింది కాఅహుమను అని నేనంటాను.

అసలు వాళ్ళని రప్పించింది కూడా ఒక హవాయి కుర్రాడే. ఓపుకహాయియా అని పేరు. చిన్నప్పుడే యుద్ధంలో తల్లిదండ్రుల్ని కళ్ళముందే చంపేశారు. చంటి తమ్ముణ్ణి వీపున వేసుకుని పారిపోతుంటే ఈటె వచ్చి ఆ పసివాడికి తగిలింది. తర్వాత అమెరికా ఓడ ఎక్కి న్యూ హేవెన్ చేరాడు. నాకు చదువు చెప్పేవాళ్ళు లేరని యేల్ కాలేజీ మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు. చేరదీసి చదివించారు. తన భాషకి వ్యాకరణం రాయడం మొదలుపెట్టాడు, వెనక్కి వెళ్ళి మా వాళ్ళకి చెబుతాననేవాడు. 1818 ఫిబ్రవరిలో టైఫస్ జ్వరంతో పోయాడు, ఇరవై ఆరేళ్ళు కూడా సరిగా నిండాయో లేదో. అతని జీవితకథ అచ్చయ్యాక చదివినవాళ్ళ మనసులు కరిగాయి, చందాలు పోగయ్యాయి. పెళ్ళి కాని మగవాణ్ణి పంపేందుకు మిషన్ బోర్డు వెనకాడడంతో, నాయకుడు హైరమ్ బింగమ్ సిబిల్ అనే టీచరమ్మని కలిసిన రెండు వారాల్లో తాళి కట్టేశాడు, అంటే ఉంగరం తొడిగాడు. మన పెళ్ళిచూపుల్ని వెక్కిరించేవాళ్ళు ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

లంగరు వేశారో లేదో రాచకుటుంబపు ఆడవాళ్ళు తెల్లబట్ట తాను పట్టుకుని ఓడెక్కారు, మీరు వేసుకున్నలాంటి గౌను మాకూ కుట్టిపెట్టమని. ఆ ఓడ పైనే దొరసానులు, రాణులు కూర్చుని కుట్టారు. అలా మొదలైన వదులు గౌను ఇవాళ హోలోకు. దాని చెల్లెలు మూమూ. మన వీధుల్లో పొద్దున్నే పాలపాకెట్ల కోసం గేటు దాకా వచ్చే నైటీకి వరసకి అక్కలవుతాయి.

రాజు ఏడాది ఉండమన్నాడు, అంతే. 1823లో రాజమాత కెఓపుఓలాని చనిపోయేముందు బాప్తిస్మం తీసుకుంది. 1825లో కాఅహుమను తీసుకుంది. పెద్దలు కదిలాక జనం కదిలారు. ఇంకోటి కూడా ఉంది. కుక్ ఓడలతో మొదలుపెట్టి తెల్లవాళ్ళ వెంట వచ్చిన రోగాలు ఊళ్ళకి ఊళ్ళని తుడిచేస్తున్నాయి. 1830ల మొదట్లో లెక్కపెడితే దీవుల జనం సుమారు 1,30,000. 1890ల నాటికి హవాయి జాతివాళ్ళు 40,000 దాపులకి పడిపోయారు. ఇంట్లో రోజుకొకరు పోతుంటే మనిషి ఏ దేవుణ్ణి పిలుస్తాడో ఎవరం చెప్పగలం?

ఇక మీరడిగిన కత్తి. అది క్యాథలిక్కుల మీదికి వచ్చింది. 1827లో ఫ్రెంచి ఫాదర్లు దిగారు. 1831లో వాళ్ళని ఓడెక్కించి తరిమేశారు. ఆ మతం పుచ్చుకున్న హవాయి పేదల చేత గోడలు కట్టించే వెట్టి చాకిరీ చేయించారు. చేయించింది పాలకులు. ప్రొటెస్టెంటు మిషనరీలు గట్టిగా అడ్డుపడ్డారా అంటే, నా చదువు మేరకు కొందరు గొణిగారు, బింగమ్ లాంటివాళ్ళకి అదేమంత బాధ అనిపించలేదు. 1839లో ఫ్రెంచి యుద్ధనౌక వచ్చి 20,000 డాలర్లు కక్కించి, గుండ్లు కురిపిస్తామని బెదిరించాక ఆ వేధింపు ఆగింది.

క్యాథలిక్కుల పేరెత్తాను గనక ఒక సవరణ. కిందటేడు ఒక జవాబులో కలౌపపాలో కుష్ఠు రోగులకి సేవ చేసిన ఫాదర్ డేమియన్‌ని ఈ అమెరికా మిషనరీల్లో కలిపేశాను. తప్పు. ఆయన బెల్జియం క్యాథలిక్ ఫాదరు. 1873లో అక్కడికి వెళ్ళి, అదే రోగంతో 1889లో పోయారు. ముప్పై ఏళ్ళు ఒకళ్ళ తప్పులు దిద్ది బతికినదాన్ని, నా తప్పు నాకు దొరకలేదు.

ప్రశ్న: హవాయి భాషకి 12 అక్షరాలేనని నా ఫ్రెండు బిర్యానీ పందెం కాసింది. నిజమేనా ఆంటీ?
(డిగ్రీ విద్యార్థిని, హిమాయత్‌నగర్)

డబ్బులు తీసి పెట్టుకో తల్లీ. ఐదు అచ్చులు, ఏడు హల్లులు: హ, క, ల, మ, న, ప, వ. మిషనరీలు నిర్ణయించింది అంతే.

నాకు ఈ కథలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే, కాస్త ఎక్కువే రాస్తాను, ఏమనుకోకు. నేను ఉద్యోగంలో చేరినప్పుడు సుల్తాన్ బజార్ వెనక సందులో సీసపు టైపుతో కంపోజింగ్ నడిచేది. తెలుగు కేసు అంటే గోడంత ఉండేది. అక్షరం, దాని తలకట్టు, గుడి, కొమ్ము, కింద ఒత్తు, అన్నిటికీ వందలకొద్దీ గళ్ళు. కంపోజిటరు చెయ్యి చూడకుండానే గడి వెతుక్కునేది. ఒత్తు జారిపోతే ప్రూఫులో నేను ఎర్రసిరాతో పట్టుకునేదాన్ని. ఆ కళ్ళతో 12 అక్షరాల కేసుని ఊహించుకుంటే అసూయ పుడుతుంది.

అసలు చిక్కు ఎక్కడంటే, హవాయి వాళ్ళ నోట్లో క, ట ఒకటే. ల, ర ఒకటే. వ ని దొరలు రెండు రకాల విని రెండక్షరాలతో రాశారు. ఒకే రాజుని ఒకడు టమెహమెహా అని, ఒకడు కమెహమెహా అని రాసేవాడు. ఇప్పటి హొనొలులు అప్పటి కాగితాల్లో కొన్నిచోట్ల హొనొరురు. 1826లో మిషనరీలు ఒక్కో అక్షరానికీ ఓట్లు వేసుకుని ట ని తీసేశారు, ర ని, బ ని, డ ని తీసేశారు. మనవాళ్ళు బండి ర ఉండాలా, అరసున్న ఉండాలా అని దశాబ్దాలు కొట్టుకున్నారు. వాళ్ళు ఓటేసి తేల్చేశారు. అయితే ఆ ఓటు హక్కు ఆ భాష మాట్లాడేవాళ్ళకి లేదు, అది కూడా చెప్పాలి. సవరల భాష కోసం గిడుగు రామమూర్తి గారు ముందు సవరల దగ్గర కూర్చుని నేర్చుకున్నారు. ఈ మిషనరీలు కూడా దొరల సభల్లోకి వెళ్ళకముందు రాజుల చాపల మీద కూర్చునే నేర్చుకున్నారు, ఆ మేరకు మెచ్చుకోవాలి.

ప్రెస్సు థాడియస్ ఓడలోనే వచ్చింది. ప్రింటరు ఎలైషా లూమిస్ ఇరవయ్యేళ్ళ కుర్రాడు. 1822 జనవరి 7న మొదటి కాగితం అచ్చు వేసేటప్పుడు మీట లాగింది అతను కాదు, కెఎఔమొకు అనే హవాయి దొర. ఆ కాగితం అక్షరాల వాచకం. ఇంగ్లీషు టైపు కేసులో క గడి చిన్నది, ఆ భాషలో దాని పని తక్కువ. హవాయిలో మాట ఎత్తితే క. మధ్యాహ్నానికల్లా గడి ఖాళీ అయి లూమిస్ తల పట్టుకుని ఉంటాడని నా ఊహ. ఉర్దూ మాటలు ఎక్కువైన రోజున మా ప్రెస్సులో ఖ కి అదే గతి పట్టేది.

కాఅహుమను దగ్గరికి బింగమ్ దంపతులు వాచకం పట్టుకెళ్ళేసరికి ఆవిడ చాప మీద పేకాడుతోంది. ఆట ఆగేదాకా కూర్చోబెట్టింది. తర్వాత పుస్తకం తీసుకుని అచ్చులు పలికి, రాగానే చుట్టూ ఉన్న పరివారానికి అక్కడికక్కడే చెప్పడం మొదలుపెట్టిందట. రాజ్యమంతా బడి అయిపోయింది. 1830ల తొలినాళ్ళకి సుమారు 50,000 మంది చదువుతున్నారు, వాళ్ళలో ఎక్కువ మంది పెద్దవాళ్ళే. 1834లో లహైనలునా బడి ప్రెస్సులో హవాయి భాషలో పత్రిక వచ్చింది. 1839కి బైబిలు మొత్తం, హీబ్రూ గ్రీకుల నుంచి నేరుగా అనువదించింది, పూర్తయింది.

బిర్యానీ ఎక్కడ తిన్నారో రాయి.

ప్రశ్న: మా తాతగారు మెదక్ వైపు పాస్టరుగా పనిచేశారు. మన దగ్గరికీ మిషనరీలు వచ్చారు కదా, ఇక్కడ హవాయిలా ఎందుకు జరగలేదు?
(గృహిణి, బోయినపల్లి)

తేదీల్లో ఒక పోలిక దొరికింది, మీకు నచ్చుతుంది. హవాయిలో హిలో ఊళ్ళో టైటస్ కోన్ అనే మిషనరీ 1838 జులై 1న ఒక్కరోజులో 1,705 మందికి బాప్తిస్మమిచ్చాడు, వరసల మధ్య నడుస్తూ నీళ్ళు చిలకరించి. సరిగ్గా నలభై ఏళ్ళకి, 1878 జులై 3న, ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో జాన్ క్లౌ మిషన్ వాళ్ళు గుండ్లకమ్మలో 2,222 మందిని ముంచి లేపారు. క్లౌ బాప్టిస్టు, చిలకరిస్తే ఒప్పుకోరు. దానికి ముందు ధాత కరువు. బకింగ్‌హామ్ కాలవలో మూడు మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని క్లౌ జనానికి కూలి ఇచ్చాడు, కరువు నడిచినన్నాళ్ళూ మతంలోకి ఎవర్నీ తీసుకోలేదు, బియ్యం కోసం వచ్చారంటారని.

తేడా ఎక్కడంటే, అక్కడ మతం రాణి దగ్గర మొదలై కిందికి దిగింది. ఇక్కడ యెర్రగుంట్ల పేరయ్య గారి లాంటి మాదిగ పెద్దల దగ్గర మొదలై పక్క గూడేలకి పాకింది. మతం పుచ్చుకున్నవాళ్ళని ఊరి పెద్దలు బావుల దగ్గరికి రానివ్వకపోయినా పాకింది. రెండోది, ఇక్కడ మిషనరీకి రాజు కొలువులో మంత్రి పదవి దొరికే వీలు లేదు. పైన కలెక్టరు ఉన్నాడు, మన వైపు నిజాం ఉన్నాడు. మూడోది, మనం కోట్లలో ఉన్నాం.

మీ మెదక్ చర్చి 1924లో ప్రతిష్ఠ జరిగింది, కరువు రోజుల్లో అన్నం పెట్టి కట్టించారని అందరికీ తెలిసిందే. హొనొలులులో కవైఅహఒ చర్చిని 1842లో పూర్తిచేశారు. దానికి రాయి పగడపు దిబ్బల్లోంచి తెచ్చారు. మనుషులు సముద్రంలో మునిగి, మొద్దు పనిముట్లతో కోసి, సుమారు 14,000 పలకలు పైకి లాగారు. కొన్ని పలకలు 400 కిలోల పైమాటే. దగ్గరగా తీసిన ఫొటోలో ఆ గోడ రాయిలా ఉండదు, పేనం మీద కాలిన అట్టులా చిల్లులు చిల్లులుగా ఉంటుంది.

ప్రశ్న: ప్రార్థన నేర్పుతూ పొలాలు లాక్కున్నారని చదివాను. మీరు తెలివిగా దాటేస్తారేమోనని ముందే అడుగుతున్నా.
(ప్రైవేటు లెక్చరరు, ఉప్పల్)

దాటెయ్యను బాబూ. వచ్చినవాళ్ళూ, వాళ్ళ పిల్లలూ అని రెండు లెక్కలు వెయ్యాలి. రెండో లెక్కే పెద్దది.

మొదటితరంలో విలియం రిచర్డ్స్ 1838లో, డాక్టర్ గెరిట్ జడ్ 1842లో మిషన్ వదిలి రాజు కొలువులో చేరారు. 1840లో రాజ్యాంగం వచ్చింది. 1848లో మహేలె, అంటే భూమి పంపకం. అంతవరకూ ఎవరి సొంతమూ కాని నేలని రాజు, ప్రభుత్వం, హవాయి దొరలు పంచుకున్నారు. సాగుచేసేవాడు అర్జీ పెట్టి, సాక్షుల్ని తెచ్చి, కొలిపించుకుంటే పట్టా ఇస్తామన్నారు. భూమికి పట్టా ఎందుకో తెలియని రైతుకి గడువు పెడితే ఏమవుతుందో తెలంగాణలో పుట్టినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. మొత్తం నేలలో సామాన్యుడి చేతికి వచ్చింది నూటికి ఒక వంతు కూడా లేదు. 1850లో విదేశీయులు కూడా కొనుక్కోవచ్చని చట్టం వచ్చింది. మిషన్ బోర్డు ఖర్చు తగ్గించుకుంటూ మీ బతుకు మీరు చూసుకోండని అదే కాలంలో మిషనరీలతో అన్నది. మిషన్ సరుకుల గిడ్డంగి చూసిన క్యాసిల్, రాజ్యం ఏలబోయే పిల్లలకి బడిలో పాఠాలు చెప్పిన కుక్ (కెప్టెన్ కుక్ కాదు, ఇంకొకాయన), ఇద్దరూ 1851లో వ్యాపారం పెట్టారు. అది చక్కెర సామ్రాజ్యమైంది.

ఆ బడిలో చదివిన పిల్లే లిలిఉఒకలాని. 1891లో రాణి అయింది. 1887లో తుపాకులు చూపించి ఆమె అన్న కలాకౌఅ చేత సంతకం పెట్టించుకున్న రాజ్యాంగాన్ని మార్చాలనుకుంది. 1893 జనవరి 17న ఆమెని దింపేశారు. ముందుండి నడిపింది లారిన్ థర్స్టన్, థాడియస్ ఓడలో వచ్చిన ఏసా థర్స్టన్ మనవడు. కొత్త ప్రభుత్వానికి అధ్యక్షుడు శాన్‌ఫర్డ్ డోల్, మిషనరీ కొడుకు. పైనాపిల్ డబ్బా మీది డోల్ ఈయన కాదు, ఈయన బంధువు. అమెరికా యుద్ధనౌక నుంచి 162 మంది సైనికులు వీధుల్లోకి దిగి నిలబడ్డారు. రాణిని 1895లో ఆమె సొంత రాజభవనంలోనే ఒక గదిలో బంధించారు. ఆ గదిలో ఆమె రాసుకున్న పాట ఏమిటో తెలుసా? వాళ్ళని క్షమించమని ఏసుప్రభువుకి ప్రార్థన. తాతలు నేర్పిన ప్రార్థన మనవళ్ళ కోసం చేసింది.

ప్రార్థనతో ఆగలేదు. 1897లో దీవుల్ని అమెరికాలో కలిపే ఒప్పందం సెనేటుకి వెళ్ళగానే హవాయి సంఘాలు ఊరూరా తిరిగి సంతకాలు పోగుచేశాయి. ఆడవాళ్ళ సంఘం వేరే తిరిగింది. 556 పేజీలు, 21,269 సంతకాలు. మిగిలిందే నలభై వేల మంది అని పైన రాశాను, మీరే లెక్కవేసుకోండి. వేలిముద్రల కాలంలో అంతమంది పేరు రాయగలిగారంటే, పేకాట ఆపి కాఅహుమను పట్టుకున్న వాచకం చలవే. ఆ కాగితాలు వాషింగ్టన్ చేరాక ఒప్పందం సెనేటులో నెగ్గలేదు. 1898లో స్పెయిన్‌తో యుద్ధం సాకుతో ఇంకో తోవన, ఉమ్మడి తీర్మానం పెట్టి కలిపేసుకున్నారు. మిషన్ వారసత్వపు చర్చీ, అమెరికా ప్రభుత్వమూ 1993లో క్షమాపణ చెప్పాయి. భూమి మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

ప్రశ్న: ఆ భాష ఇప్పుడు బతికుందా?
(పేరు, ఊరు రాయలేదు)

ఉంది. 1896 చట్టం బడుల్లో ఇంగ్లీషు మాత్రమే అన్నాక దాదాపు పోయింది. 1984 నుంచి పూనన లేఒ అనే పసిపిల్లల బడులతో మళ్ళీ లేచింది. పెద్ద చదువులకి వచ్చిన పిల్లలు పాత పత్రికలు తిరగేస్తున్నారు. అక్కడ వాళ్ళకొక ఇబ్బంది ఉంది, అది నా ఉద్యోగానికి సంబంధించింది. హవాయిలో గొంతు దగ్గర చటుక్కున ఆగే ధ్వని ఒకటి ఉంది, అదీ హల్లే. మిషనరీలు దాన్ని అక్షరంగా లెక్కపెట్టలేదు. దాంతో పౌ అని అచ్చులో ఉంటే, ఆపకుండా చదివితే అయిపోయింది అని, మధ్యలో ఆపితే మసి అని, ఆపి రెండు దీర్ఘాలు కూడా ఇస్తే లంగా అని. సందర్భం చూసి పోల్చుకోవాల్సిందే. ఒక్కచోట మాత్రం బైబిలు అచ్చు వేసేటప్పుడు జాగ్రత్తపడి చిన్న కామా గుర్తు పైన పెట్టారు. కోఉ అంటే నీది. మధ్యలో ఆపితే నాది. ఆ రెండూ కలిసిపోతే కష్టమని వాళ్ళకీ తెలుసు.